ఆ ముక్క లేబర్ రూం బయట చెప్పుండ్రి: డాక్టర్లకు, నర్సమ్మలకు, సైన్స్ సార్లకు ఒక బహిరంగ లేఖ

ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలల్ల కాన్పులు చేసే డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు, ఏఎన్ఎంలకు, ఆశా అక్కలకు, నాతోటి సైన్స్ టీచర్లకు, వైద్య ఆరోగ్య శాఖల సంతకాలు పెట్టే ఆఫీసర్లకు,

అందరికి నమస్కారం. మీ పని ఎంత కష్టమో ఎరుకనే, కరోనా టైంల కండ్లార చూసినం, అది మర్చిపోయేటోన్ని కాదు. ఇగ సీదా సంగతికి వస్త. పుట్టేది ఆడనా మగనా అన్నది తల్లి వల్ల తేలదు, ఆ ముక్క గురించే ఈ లేఖ.

నేను ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీల జువాలజీ చెప్త, పద్దెనిమిదేండ్లు అయితుంది. మాది దేవరకొండ దిక్కు పల్లె, మా చెల్లెను కల్వకుర్తి అవతలికి ఇచ్చినం. మొన్న ఎండకాలం దానికి మూడో కాన్పు. లేబర్ రూం బయట బెంచీ మీద నేను, మా అమ్మ, మా బావ, వాళ్ల అమ్మ కూసున్నం. లోపట పిల్ల ఏడ్సిన సప్పుడు వినొచ్చింది. తలుపు తీసుకొని ఆయమ్మ బయటికొచ్చింది, మా దిక్కు ఒకసారి చూసింది, పైసలు అడగకుంటనే పక్క నుంచి పోయింది. అంతే, నలుగురికి సమజైంది. ఎందుకంటె అక్కడ రేటు అందరికి తెల్సిందే, మగపిల్లోడైతే వెయ్యి గుంజుతరు, తొలి కాన్పుల ఆడపిల్లయితే మూడొందలో ఐదొందలో, మూడోది కూడ ఆడపిల్లయితే పాపం అని వదిలేస్తరు. ఆ జాలి ఉన్నది చూడుండ్రి, అది తిట్టుకన్న ఎక్కువ గుచ్చుకుంటది.

మా చెల్లె అత్త లేచి చెప్పులేసుకుంది. "మూడింటికి మూడు ఆడయే, దీని కడుపే అంత" అన్నది. మా బావ ఫోన్ల తలకాయ పెట్టిండు. డాక్టరమ్మ అప్పుడే చేతులు తుడుసుకుంట బయటికొచ్చి ఆ మాట విన్నది, విన్నదని నాకు ఖాయంగ తెలుసు, ఒక్క నిమిషం ఆగినట్టే ఆగి పక్క వార్డుకు పోయింది. ఆమెకు ఇంకా కాన్పులు లైన్ల ఉన్నయంట, ఆమెను తప్పు పట్టను. మరి నేను? పద్దెనిమిదేండ్ల సంది బోర్డు మీద ఎక్స్ ఎక్స్, ఎక్స్ వై అని గీసి గీసి సుద్దముక్కలు అరగదీసినోన్ని, నేను కూడ నోరు తెరవలే. బావ ముంగట, వాళ్ల అమ్మ ముంగట, ఆడపిల్లనిచ్చినోళ్లం కదా, ఏం మాట్లాడ్తే ఏం లొల్లి అయితదో అని కూసున్న.

ఏ హాస్పిటలో రాయను, రాసినా లాభం లేదు, ఎందుకంటె ఏ హాస్పిటల్ బయట బెంచీ మీద కూసున్నా ఇదే మాట వినొస్తది.

ఆ తర్వాత నేను ఊకుండలే. ఒక ఆఫీసుల మూడుసార్లు కాగితం ఇచ్చిన. నేను అడిగింది చిన్నది, కాన్పులు అయ్యే ప్రతి చోట, స్కానింగ్ చేసే ప్రతి చోట, పుట్టేది ఆడనా మగనా అన్నది తల్లి వల్ల తేలదు అని తెలుగుల పెద్ద అక్షరాలతోని ఒక బోర్డు పెట్టాలె అని. మొదటిసారి తీసుకొని పక్కకు పెట్టిండ్రు. రెండోసారి ఒక సారు చదివి నవ్విండు, "ఇదంత టెన్త్ బుక్కుల ఉన్నది కదా సారూ, మీరే చెప్తరు కదా పిల్లలకు" అన్నడు. మూడోసారి ఇచ్చిన పది దినాలకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ దరఖాస్తు పరిష్కరించబడినది అని. ఏం పరిష్కారమో ఇప్పటిదాక నాకైతే కానరాలే. అందుకే ఈ లేఖ.

ఆ సారు అన్నది నిజమే, టెన్త్ బుక్కుల ఉన్నది. అనువంశికత పాఠంల ఉన్నది, ఇంటర్ జువాలజీల అయితే ఇంకా ఇవరంగ ఉన్నది. కాని లేబర్ రూం బయట కూసునే అత్తమ్మ టెన్త్ బుక్కు చదవది. చదివిన కొడుకు రెండు మార్కులకు రాసి మర్చిపోయిండు. కాబట్టి ఆ రెండు మార్కుల ముక్క ఏందో ఒకసారి ఇక్కడ పూర్తిగ చెప్త, చదివేటోళ్లు ఎవరైనా తమ ఇంట్ల చెప్పుకుంటరని.

మన ఒంట్ల ప్రతి కణంల (ఎర్ర రక్తకణాలు, అండం, వీర్యకణం లాంటివి వదిలెయ్యండి) 46 క్రోమోజోమ్‌లు ఉంటయి, అంటే 23 జతలు. జీన్స్, అంటే మన లక్షణాల రాత, వీటి మీద ఉంటది. ఒక్కో జతల ఒకటి అమ్మది, ఒకటి నాయినది. అందుల 22 జతలు ఆడోళ్లకు మగోళ్లకు ఒక్కటే తీరుగ ఉంటయి, ఏం ఫరక్ లేదు, గుండె కాడికెళ్లి గోర్ల దాక పనిచేసే జీన్స్ చానా మటుకు వాటిల్లనే ఉంటయి. ఫరక్ అంత ఆఖరి జతలనే. ఆడోళ్లకు రెండు ఎక్స్‌లు, మగోళ్లకు ఒక ఎక్స్ ఒక వై. అండంల, వీర్యకణంల ఒక్కో జత నుంచి ఒక్కటే ఉంటది. తల్లి అండంల ఎప్పుడు చూసినా ఎక్సే ఉంటది, ఆమె దగ్గర వై లేనే లేదు, ఇయ్యమన్నా ఇయ్యలేదు. తండ్రి వీర్యకణాలల్ల దాదాపు సగం ఎక్స్‌వి, సగం వై‌వి. ఎక్స్ కణం పోయి కలిస్తే ఆడపిల్ల, వై కణం పోయి కలిస్తే మగపిల్లోడు. అయిపాయె.

దీన్ని కొత్తగ కనిపెట్టిండ్రా అంటే అదీ కాదు. 1905ల అమెరికాల నెట్టీ స్టీవెన్స్ అనే ఒక మేడమ్ పిండిపురుగులను మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది. ఆడ పురుగు కణాలల్ల 20 పెద్ద క్రోమోజోమ్‌లు, మగ పురుగుల 19 పెద్దయి, ఒకటి బుడ్డది. ఆ బుడ్డదే ఇప్పుడు మనం వై అనేది. నూట ఇరవై ఏండ్లాయె ఈ ముక్క తేలి. మనుషులల్ల లెక్క మాత్రం ఆలస్యంగ సరి అయింది, చానా ఏండ్లు మనిషికి 48 అనుకున్నరు, 1956ల టియో, లెవాన్ అనే ఇద్దరు సరిగ్గ లెక్కపెట్టి 46 అని తేల్చిండ్రు, పుస్తకాలన్ని దిద్దుకున్నరు. సైన్సోళ్లే తప్పు లెక్కను దిద్దుకున్నరు, మనం "దీని కడుపే అంత" అన్న ఒక్క మాటను దిద్దుకుంటలేం.

1990ల లండన్‌ల పనిచేసే సైంటిస్టులు వై మీద ఎస్‌ఆర్‌వై అనే జీన్‌ను పట్టుకున్నరు. కడుపుల పిండం ఆరు వారాల దాక ఆడకు మగకు ఒక్కటే తీరు ఉంటది, ఆ తర్వాత ఈ జీన్ స్విచ్ ఏస్తే వృషణాలు తయారైతయి, ఎయ్యకపోతే అండాశయాలు. కాని ఆ స్విచ్ ఉందా లేదా అన్నది కడుపు నిలిచిన ఘడియలనే ఖాయం అయిపోయింది. రెండో నెలల ఏం తాగినా, మూడో నెలల ఏం మింగినా ఎక్స్ పోయి వై కాదు. ఇది జర గుర్తుంచుకోండి, కింద దీని పని పడ్తది.

మన రైతులకు చెప్పాలంటే చెల్క మాట చెప్తరు చానామంది. కంది ఇత్తనం ఏసి జొన్న మొలవలేదని చెల్కను కొడ్తమా అని. మంచిగనే ఉంటది గాని అందుల సగం తప్పు ఉన్నది, నేను క్లాసుల కూడ ఈ మాట వాడుడు బంద్ చేసిన. తల్లి ఉత్త చెల్క కాదు, ఆమె కూడ ఇత్తనమే, 23 క్రోమోజోమ్‌లు ఆమెవే, పైంగ తొమ్మిది నెలలు మోసుడు కూడ ఆమెనే.

ఇంకో మాట, దీన్ని చదివి మొగోన్ని తిట్టుడు మొదలు పెట్టకుండ్రి. ఆయన ఏరి పంపేది లేదు, ఏ కణం ముందుగాల చేరుతదో ఎవ్వల చేతుల లేదు. బొమ్మ బొరుసు ఏసినట్టే. ముగ్గురు పిల్లలున్న ఇండ్లు నూరు తీసుకుంటె అందుల దాదాపు పన్నెండు ఇండ్లల్ల ముగ్గురూ ఆడపిల్లలే ఉంటరు, ఉత్త లెక్క ప్రకారమే. ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగోసారి బొమ్మ పడాల్సిందే అన్న రూల్ కూడ లేదు, నాణానికి పోయినసారి ఏం పడ్డదో యాదికుండదు.

కోళ్లల్ల అయితే ఉల్టా ఉంటది. పుంజుకు రెండూ ఒక్క తీరు క్రోమోజోమ్‌లే, పెట్టకే రెండు రకాలు. అంటే పిల్ల పుంజా పెట్టా అన్నది పెట్ట గుడ్డే తేలుస్తది. మన కృష్ణల ఉండే మొసళ్లకు అయితే క్రోమోజోమ్ లెక్కనే లేదు, గుడ్లు పొదిగే కాడ ఇసుక ఎంత ఎచ్చగ ఉందో దాన్ని బట్టి ఆడా మగా అయితయి. నేను క్లాసుల నవ్వుకుంట అంట, తల్లినే బాధ్యురాలిని చెయ్యాలని అంత ముచ్చట ఉంటె కోడిపెట్టను అడుగుండ్రి, మీ కోడలిని కాదు అని.

ఇప్పుడు మా ఇంటి ముచ్చట చెప్త. లేబర్ రూం బయట మా అమ్మ ఏడ్సింది, బిడ్డను గట్ల అన్నరని. నిజమే, ఏ తల్లికైనా ఏడుపు వస్తది. కాని పదేండ్ల కింద నా భార్యకు రెండో బిడ్డ పుట్టినప్పుడు ఇదే మా అమ్మ "రెండోది కూడ ఆడిదేనా" అని మూడు దినాలు సరిగ్గ మాట్లాడలే. అప్పుడు కూడ నేను నోరు తెరవలే, పొద్దుగాల కాలేజీకి పోయి అదే పాఠం చెప్పి వచ్చిన. మొన్న దవాఖాన నుంచి ఇంటికొచ్చినంక ఒక పెండ్లి కార్డు ఎనకాల ఆమెకు గీసి చూపిచ్చిన. మీ నాయిన నీకు ఒక ఎక్స్ ఇచ్చిండు, మీ అమ్మ ఒక ఎక్స్ ఇచ్చింది. నీ రెండు ఎక్స్‌లల్ల నుంచి ఒకటి నాకు వచ్చింది. నాకు ఉన్న ఎక్స్ అదొక్కటే, నీదే. నాకు కొడుకు పుడ్తే వానికి నా నుంచి వై పోతది, నీ ఎక్స్ పోనే పోదు. బిడ్డ పుడ్తెనే నీ ఎక్స్ మొత్తానికి మొత్తం దానికి పోతది. అంటే నా ఇద్దరు బిడ్డల ఒంట్ల నీ ఎక్స్ ఉన్నది, నువ్వు కోరుకున్న మన్మడు పుట్టి ఉంటె వానిల ఉండకపోవు.

ఆమె చానాసేపు ఆ కార్డు చూసింది. "అయితే పెద్దదాని మొండితనం నాదేనా" అన్నది. మొండితనానికి జీన్ ఎక్స్ మీద ఉందని నేను చెప్పలేను గాని, ఆ టైంల కాదనలే.

అత్తలు ఇది చదవాలె. కొడుకు బిడ్డను చూసి మొకం తిప్పుకునే ప్రతి నాయినమ్మ తన ఎక్స్‌ను చూసే మొకం తిప్పుకుంటుంది. వంశం వంశం అని దేనికోసం కొట్టుకుంటున్నమో ఆ వై ఎంత ఉంటదో కూడ చెప్త. ఎక్స్ మీద దాదాపు 15.5 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు, ఎనిమిది తొమ్మిది వందల జీన్స్. వై మీద 6 కోట్ల పైచిలుకు అక్షరాలు, జీన్స్ వందకు అటిటు. వై‌ను మొదటికెళ్లి ఆఖరి దాక పూర్తిగ చదివింది కూడ 2023లనే. మనిషి మొత్తం జీన్స్ 20 వేల దాక ఉంటయి, అందుల వై వాటా అది. లెక్క తీస్తే తండ్రి నుంచి కొడుక్కన్న బిడ్డకే ఎక్కువ డీఎన్‌ఏ పోతది, ఎందుకంటె బుడ్డ వై బదులు పెద్ద ఎక్స్ పోతది కాబట్టి.

ఇగ ఈ మాట చెప్పాల్సిన చోట చెప్పకపోతే మామూలు జనం మీద ఏం పడ్తుందో వరుసగ రాస్త.

1. కొడుకు కోసం కాన్పు మీద కాన్పు. మా చెల్లెకు మొదటి రెండు ఆపరేషన్లే, మూడోది కూడ ఆపరేషనే, ప్రతిసారి రక్తం తక్కువ అని సూదులు ఏసిండ్రు. మూడోసారి వద్దు అని డాక్టర్లే చెప్పిండ్రంట, కాని పిల్లలు కాకుండ ఆపరేషన్‌కు అత్త ఒప్పుకోలే, ఇంకోసారి చూద్దాం అన్నది. ఇప్పుడు కూడ ఒప్పుకోలే. ఒక బొమ్మ బొరుసు ఆట కోసం ఒక మనిషి కడుపు మీద నాలుగోసారి కత్తి పెట్టాల్నా? ఆ ఇంట్ల ఎకరంనర పత్తి చేను మీద బతుకుతరు, ఎవరికీ వేరే ఆదాయం లేదు.

2. మందులు. అంగట్ల ఒకాయన ఒక పొడి అమ్ముతడు, రెండో నెలల మూడు దినాలు పరిగడుపున కోడెదూడను ఈనిన ఆవు పాలతోని తాగితే కొడుకే అని గ్యారంటీ ఇస్తడు. మా చెల్లెతోని రెండో కాన్పుకు తాగిచ్చిండ్రు, మూడు వేల ఐదు వందలు తీసుకున్నడు. ఆడపిల్ల పుడ్తే పైసలు వాపస్ అని చెప్పిండు, పుట్టినంక పోయి అడిగితే పథ్యం సక్కగ చెయ్యలే అన్నడు, అంటే అక్కడ కూడ తప్పు ఆమెదే. ఈ దందా ఎంత తెలివైందో చూడుండ్రి. నూరు మందికి అమ్మితే దాదాపు యాభై మందికి ఉత్తగనే కొడుకులు పుడ్తరు, వాళ్లే ఊరూర ప్రచారం చేస్తరు. మిగిలిన యాభై మంది సిగ్గుకు నోరు తెరవరు. అందుల ఏం కలుపుతున్నడో ఎవరికీ తెల్వది, కడుపుల పిండం అవయవాలు తయారయ్యే నెలలనే దాన్ని పోస్తున్నరు.

3. స్కానింగ్. ఇది మీకు నాకన్న ఎక్కువ తెలుసు. లింగ నిర్ధారణ పరీక్షల మీద చట్టం 1994ల వచ్చింది, 2003ల ఇంకా గట్టి చేసిండ్రు. మొదటిసారి దొరికితే మూడేండ్ల దాక జైలు, పదివేల దాక జుర్మానా. ఆడపిల్లలు ఏమైతున్నరో జనాభా లెక్కలే చెప్తయి. ఆరేండ్ల లోపు వెయ్యి మంది మగపిల్లలకు 1991ల దేశం మొత్తం మీద 945 మంది ఆడపిల్లలు ఉంటె 2011కి వచ్చేసరికి 920 లోపుకు పడిపోయింది. ప్రకృతి లెక్కల కూడ మగపిల్లలు జర ఎక్కువే పుడ్తరు, నూరు మంది ఆడపిల్లలకు 105 మంది దాక, అంటే వెయ్యికి 950 పైన ఉండాలె. మిగిలినోళ్లు ఏడికి పోయిండ్రు? మా దేవరకొండ దిక్కు తండాలల్ల ఆడపిల్లలను అమ్ముకున్న ముచ్చట 1990ల ఆఖర్ల పేపర్లల్ల వచ్చి దేశమంత తెల్సింది, అప్పుడు అందరు వచ్చి ఫోటోలు తీసుకొని పోయిండ్రు. తండా వాళ్లనే అనుడు ఎందుకు, టౌన్లల్ల చదువుకున్నోళ్లు కారేసుకొని పోయి చేసేది ఇంకో తీరు పని, ఫోటోలు రావు అంతే.

4. పిల్లలు కాకపోతే. ఇది ఎవరూ మాట్లాడరు. కొందరు మగోళ్లకు ఎక్స్ వై బదులు ఎక్స్ ఎక్స్ వై ఉంటది, అంటే 47 క్రోమోజోమ్‌లు, క్లైన్‌ఫెల్టర్ అంటరు. అరుదేం కాదు, ఐదారు వందల మంది మగోళ్లల్ల ఒకరికి దాక ఉంటది. చూడనికి అందరి తీరుగనే ఉంటరు, కాస్త పొడుగు ఉండొచ్చు, చానామందికి వీర్యకణాలు ఉండయి, తమకు ఇది ఉందని కూడ ఎరుకుండదు. మరి ఊర్ల ఏమైతది? భార్యను గుళ్ల చుట్టు తిప్పుతరు, ఆమెకు పరీక్షల మీద పరీక్షలు చేపిస్తరు, ఆఖరికి రెండో పెండ్లి చేస్తరు, ఆ రెండో ఆమెను కూడ గొడ్రాలు అంటరు. ఒక్క రక్తపరీక్షతోని తేలే సంగతి. ఆడపిల్లలల్ల ఒక్క ఎక్సే ఉన్నోళ్లు ఉంటరు, టర్నర్ అంటరు, రెండు రెండున్నర వేల మందిల ఒకరు, పొట్టిగ ఉంటరు, చానామంది పెద్దమనిషి కారు. వాళ్లకు హార్మోన్ మందులు ఉన్నయి, టైంకు పట్టుకుంటె మస్తు ఫరక్ ఉంటది, మన దగ్గర పట్టుకునేసరికి పెండ్లీడు దాటిపోతుంది. ఇంకా ఎక్స్ వై ఉండి కూడ ఆ స్విచ్ పని చెయ్యక ఆడపిల్ల తీరుగ పుట్టినోళ్లు ఉంటరు. అందర్ని రెండు డబ్బాలల్ల పెట్టి మూత పెడ్తం అంటే శరీరం వినది.

5. మేనమామ పోలిక. మన దగ్గర మంచికీ చెడుకూ మేనమామ పోలిక అంటరు, ఎక్స్ విషయంల అది చానా మటుకు నిజం. కొడుకుకు ఉన్న ఒక్క ఎక్స్ తల్లి ఇచ్చిందే, అందుల ఏదన్న జీన్ చెడిపోయి ఉంటె కవర్ చెయ్యనికి రెండోది లేదు. ఆడోళ్లకు రెండు ఉంటయి కాబట్టి చానాసార్లు బయటపడదు. (ప్రతి కణంల ఆ రెండిట్ల ఒకటి నిద్రపోతది అని 1961ల మేరీ లయన్ అనే సైంటిస్ట్ చెప్పింది. నలుపు, నారింజ, తెలుపు మూడు రంగుల పిల్లి కనపడ్తే చూడుండ్రి, దాదాపు అన్నీ ఆడయే, కారణం ఇదే.) నా స్టూడెంట్ ఒకడు రైల్వేల అసిస్టెంట్ లోకో పైలట్ రాత పరీక్ష పాసై మెడికల్ల పోయిండు, చుక్కల బొమ్మలల్ల నంబర్ కనపడలే. ఎర్రది పచ్చది తేడా తెల్వదు అని వానికి ఇరవై మూడేండ్ల వయసుల తెల్సింది. వాళ్ల మేనమామకు అదే ఉందంట, ఇంట్ల అందరికి తెలుసు, నవ్వుకునేటోళ్లు, ఎవ్వరూ పోరనికి టెస్ట్ చేపియ్యలే. రెండేండ్ల కోచింగ్ పైసలు నీళ్లపాలు. ఇదైనా ఉద్యోగం మీదికే వచ్చింది. హీమోఫిలియా అయితే దెబ్బ తాకితే రక్తం ఆగదు, డుషేన్ కండరాల జబ్బు అయితే పిల్లగాడు పన్నెండేండ్లకు కుర్చీల పడ్తడు. అప్పుడు కూడ "తల్లి నుంచి వచ్చింది" అని వింటె చాలు ఆమె మీద పడ్తరు. ఆమె కావాలని ఇయ్యలే కదా, పైంగ డుషేన్ల మూడోవంతు దాక తల్లిల లేకుంట కొత్తగ పుట్టిన మార్పులే. సగం ముక్క చెప్తే ఇదే ప్రమాదం, అందుకే చెప్పేటోళ్లు మీలాంటి తెల్సినోళ్లే కావాలె.

మన నల్గొండోళ్లకు ఒక ముచ్చట గుర్తుండాలె. మర్రిగూడ, నాంపల్లి దిక్కు కాళ్లు వంకర పోతే ఒకప్పుడు కర్మ అన్నరు, శాపం అన్నరు. నీళ్లల్ల ఫ్లోరైడ్ అని తేలినంక, ఊరూరికి తిరిగి ఆ మాట చెప్పినంకనే కర్మ అనుడు తగ్గింది. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ఏకంగ నల్గొండ టెక్నిక్ అనే పేరే పడ్డది. నీళ్ల సంగతి చెప్పగలిగినోళ్లం క్రోమోజోమ్ సంగతి చెప్పలేమా?

నేను అడిగేవి ఇవి. పైసలు పెద్దగ కావు, బడ్జెట్ లేదు అని చెప్పే అవసరం రాదు.

స్కానింగ్ సెంటర్లల్ల ఇక్కడ లింగ నిర్ధారణ చెయ్యం అని బోర్డు ఎట్లనో ఉంటది, చట్టం ప్రకారం ఉండాల్సిందే. దాని కిందనే ఇంకో లైన్ రాయిపియ్యాలె: "పుట్టేది ఆడా మగా అన్నది తండ్రి కణంల వచ్చే ఎక్స్, వై మీద ఉంటది. తల్లి తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు." అదే లైన్ లేబర్ రూం బయట, అదే లైన్ గర్భిణీలకు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు మీద. తండాలల్ల లంబాడి భాషల చెప్పాలె, బోర్డు కన్న మాటే ఎక్కువ పనిచేస్తది అక్కడ, ఆశా అక్కలు చెప్తే వింటరు.

రెండోది డాక్టర్లకు, నర్సమ్మలకు. రెండో ఆడపిల్లో మూడో ఆడపిల్లో పుట్టినప్పుడు బయటికొచ్చి భర్తనూ అత్తనూ పిలిచి రెండు నిమిషాలు మాట్లాడుండ్రి. తెల్లకోటు ఏసుకున్నోళ్లు చెప్తే ఉండే బరువు నా సుద్దముక్కకు లేదు. "అయ్యో మళ్ల ఆడపిల్లనే" అని మీ స్టాఫ్ నోటి నుంచి రాకుండ చూడుండ్రి. ఆ పైసలు గుంజుడు కూడ బంద్ చెయ్యాలె, మగపిల్లోడికైనా ఆడపిల్లకైనా. 2017ల కాన్పులకు కేసీఆర్ కిట్టు పథకం పెట్టినప్పుడు సర్కారే మగపిల్లోడికి 12 వేలు, ఆడపిల్లకు 13 వేలు అన్నది, బయట ఆయమ్మల రేటు మాత్రం దానికి ఉల్టా నడిచింది.

మూడోది ఆఫీసర్లకు. అంగట్ల పొడి అమ్మేటోన్ని నాటు వైద్యం అని వదిలెయ్యకుండ్రి. 2003 సవరణ తర్వాత ఆ చట్టంల లింగ ఎంపిక అంటే స్కానింగ్ ఒక్కటే కాదు, ఫలానా బిడ్డనే పుట్టాలని ఏది ఇచ్చినా, ఏది రాసిచ్చినా అదే నేరం, దానికి ప్రచారం చేసినా నేరమే. సెక్షన్లు నాకన్న మీకే బాగ తెలుసు. అదే చట్టం గర్భిణీకి పరీక్ష చేపిస్తే భర్తా, చుట్టాలే బలవంతం చేసిండ్రని ముందుగాల అనుకోవాలె అని కూడ చెప్తది, అంటే ఆమెను ముద్దాయిని చెయ్యొద్దు. ఏ అంగడి, ఏ వారం, ఎన్ని గంటలకు అన్నది నా రెండో దరఖాస్తుల రాసే ఉన్నది, తీసి చూడుండ్రి.

నాలుగోది, జిల్లా దవాఖానలల్ల క్రోమోజోమ్ పరీక్షకు రక్తం తీసుకొని హైదరాబాద్ పంపే ఏర్పాటు. బేగంపేటల ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది, కాని అచ్చంపేట నుంచి, చందంపేట నుంచి ఒక కూలి మనిషి రెండు దినాల పని ఇడిసిపెట్టి అక్కడికి పోయి తిరగలేడు. సాంపిల్ పోవాలె, మనిషి కాదు.

ఆఖరుది నాలాంటి సార్లకు, మేడమ్‌లకు. ఈ పాఠాన్ని ఇంపార్టెంట్ క్వశ్చన్ అని గీత గీసి వదిలెయ్యకుండ్రి, నేను పద్దెనిమిదేండ్లు అదే చేసిన. ఈ ఏడాది నుంచి నేను పిల్లలకు ఇంటి పని ఇస్తున్న, ఇంట్ల నాయినమ్మకో అమ్మమ్మకో గీసి చెప్పి, ఆమె ఏమన్నదో రాసుకొని రావాలె. మొన్న ఒక పోరి రాసుకొచ్చింది, "మా నాయినమ్మ నన్ను దగ్గరికి పిలిచి, గిది ముందుగాల ఎందుకు చెప్పలేదే అన్నది" అని. ఇంకోడు రాసుకొచ్చింది వేరే తీరు ఉన్నది, "సార్‌కు పని లేదా అన్నది." రెండూ నోట్స్‌ల పెట్టుకున్న.

నాలుగోసారి దరఖాస్తు వచ్చే సోమవారం ఇస్త, ఈ లేఖ దానికి జత చేస్త, రశీదు తీసుకుంట. మళ్ల పరిష్కరించబడినది అని మెసేజ్ వస్తే ఏ బోర్డు, ఏ ఊర్ల, ఏ గోడ మీద పెట్టిండ్రో అదే మెసేజ్‌ల రాయుండ్రి, నేను పోయి చూసొస్త.

మా చెల్లె ఇంకా మా ఇంట్లనే ఉన్నది. చిన్నదానికి నాలుగో నెల పడ్డది, తొట్టెల చెయ్యలే, వాళ్ల నాయినమ్మ వచ్చినంకనే చేద్దాం అని మా అమ్మ పట్టుబట్టింది. పోయిన ఆదివారం ఆ పెండ్లి కార్డు నా దగ్గర అడిగి తీసుకొని మా అమ్మనే బస్సెక్కి కల్వకుర్తి పోయొచ్చింది. వాళ్లు ఛాయ్ పోసిండ్రంట, కార్డు చూసిండ్రంట, వస్తం అని మాత్రం ఇంకా చెప్పలే.

ఇట్లు,
ఇద్దరు బిడ్డల తండ్రి, ముగ్గురు కోడండ్లకు మేనమామ,
ఒక జువాలజీ సారు, దేవరకొండ దిక్కు